మెరె ఆంటీ తిరగేసి ఇచ్చిన బొమ్మ

మొన్న గేటుకు రంగు వేద్దామని ఎర్ర ఆక్సైడు డబ్బా మూత తీశాను. ఆ వాసనతో ఆస్ట్రేలియాలోని డార్విన్ ఊరి వానాకాలం, హాస్పిటల్ వెనక రేకుల షెడ్డు, మెరె ఆంటీ ఒక్కసారిగా గుర్తొచ్చారు. ఇన్నేళ్ళ తర్వాత కూడా ముందు కలిగింది గౌరవం కాదు, కడుపుమంట.

ఎనభైల చివర నేనక్కడ నర్సుని. మెరె ఆంటీ న్యూజిలాండ్ నుంచి వచ్చిన మావోరీ చిత్రకారిణి. శనివారాలు ఆ షెడ్డులో మాకు బొమ్మలు నేర్పేది. తమ సభామందిరాల వాసాల మీద పెద్దలు వేసిన చుట్టలు తిరిగే గీతలను ఎరుపు, నలుపు, తెలుపుల్లో కాన్వాసు మీదికి తెచ్చి, కొత్త బొమ్మలుగా మార్చేది. కుంచె పట్టే ముందు ఎవరికివారు తమ ఊరి కొండ పేరు, ఏరో సముద్రమో ఆ నీటి పేరు, పెద్దల పేర్లు చెప్పాలి. అది వాళ్ళ ఆచారం. బందరు నుంచి నాతోపాటు వచ్చిన సరళ, గిలకలదిండి రేవునూ వలలు అల్లే తాతనూ తలుచుకుని కళ్ళు తుడుచుకుంది. దాన్ని ఆ క్లాసుకు తీసుకెళ్ళింది నేనే. నా వంతు వచ్చినప్పుడు మా ఊళ్ళో కొండ లేదన్నాను. మీ ఇంట్లో గీతలు గీసేదెవరని ఆంటీ అడిగింది. ఎవరూ లేరు, నాన్న దర్జీ అన్నాను.

"దర్జీ ఇంట్లో గీతలు లేవా, అమ్మాయ్?" అని పకపకా నవ్వింది. సరళ కూడా నవ్వింది. అది నేను మరిచిపోలేదు.

కొత్త వార్డు గోడకు మా క్లాసులో ఒక్కరి బొమ్మ పెడతారన్నారు. అది నాదే కావాలని పంతం పట్టాను. విచ్చుకునే ఫెర్న్ ఆకులా ఆంటీ వేసే చుట్టను వెంట్రుకవాసి తేడా లేకుండా దించాను. ఆవిడ దాని వెంట వేలు నడిపింది.

"చెయ్యి నీదే. కథ మా తాతలది. నీదేదీ?"

గోడకెక్కింది సరళ బొమ్మ. ఎర్ర నేల మీద తెల్లటి వల ముళ్ళు, అవీ వంకరటింకరగా. బస్సులో నేను కిటికీ వైపు తిరిగి కూర్చుంటే, "నన్ను రమ్మన్నదే నువ్వు గదే! ఇట్స్ నాట్ పర్సనల్, ఆంటీ పాయింట్ అర్థం చేసుకో" అంది సరళ.

"నీకేం, గోడ దొరికింది" అన్నాను.

స్వదేశం వెళ్ళిపోయే రోజు ఆంటీ తన కుంచె సరళకిచ్చింది. నా బొమ్మను తిరగేసి నా చేతిలో పెట్టి, "ఇటువైపు ఇంకా ఖాళీగానే ఉంది" అంది. అంతే. నాకు కుంచె ఇవ్వలేదు.

ఆ కోపంతోనే నేనున్న ప్రతి ఇంట్లోనూ దాన్ని వెనక్కి తిప్పి తగిలించాను. నా బొమ్మలో వంక లేదని ఇప్పటికీ అంటాను. కానీ ఎక్కడ ఏ గీత కనిపించినా, చీర అంచు మీదైనా సరే, ఇదెవరిదని అడగకుండా ఉండలేను. ఆ ప్రశ్న ఆవిడ అంటించిందే.

మొన్న గేటు సగంలో వదిలేసి ఆ కాన్వాసు దింపాను. నాన్న గుడ్డ మీద సుద్దతో చంక దగ్గర తిప్పే వంపు నా చేతికి ఎప్పుడు పట్టుబడిందో తెలియదు. ఆ ఖాళీ వైపు ఒక్క ఊపులో వచ్చింది. దాని మీద ఎర్ర రంగు నడిపాను. ఇప్పుడది ఆరుతోంది.

సరళ అడిగినా చూపించను.