కుడివైపు, కాస్త పైన

వైపర్లు మార్చడం కూడా ఒక పనేనా అని నవ్వినవాళ్ళంతా వానాకాలం రాగానే ఆయన కాళ్ళావేళ్ళా పడేవాళ్ళు. మెకానిక్ షెడ్ల వరుస చివర, తలుపు సరిగ్గా పడని రేకుల గదిలో, ముప్పై ఏళ్ళుగా ఆయనది ఒకటే పని. కారు ముందద్దం మీద నీళ్ళు చిమ్మేలా చేయాలి, చిమ్మిన నీళ్ళు తుడిచేలా చేయాలి. అందరికీ ఆయన వైపర్ల పెద్దాయన.

పని మాత్రం పద్ధతిగా చేసేవాడు. వైపరు రబ్బరు బ్లేడు ఊడదీసే ముందు అద్దం మీద పాత దుప్పటి మడతపెట్టి పరిచేవాడు, దాన్ని మోసే ఇనుప చెయ్యి జారిపడితే అద్దం పగులుతుందని. నీళ్ళు చిమ్మే చోట పూడిపోయిన నాజిల్‌ని కుట్టుసూదితో పొడిచి, పైపుని నోటితో ఊది, అంతా అయ్యాక తనే డ్రైవరు సీట్లో కూర్చుని నీళ్ళు చిమ్మించి చూసేవాడు. బండిగలవాళ్ళు బాగుందన్నా వినడు. తన కన్ను ఒప్పుకోవాలి. ఆ కన్నంటే ఆయనకి అంత పొగరు.

పోయిన ఏడాది ఆ కన్ను ఒప్పుకోవడం మానేసింది. ఏ అద్దం తుడిచినా కుడివైపున, కాస్త పైన, బూడిదరంగు మరక మిగిలిపోతోంది. మొదట నాజిల్‌ని అనుమానించాడు, తర్వాత నీళ్ళని, చివరికి బ్లేడ్లని. బ్లేడ్లు ఇచ్చేది రెండు సందుల అవతల విడిభాగాల దుకాణం నడిపే బావమరిది. వాడు నాసిరకం రబ్బరు అంటగడుతున్నాడని మనసులో పడ్డాక ఇక మనిషి ఆగలేదు. దుకాణం నిండా జనం ఉండగా బ్లేడ్ల కట్ట బల్ల మీద విసిరికొట్టి, నమ్మకద్రోహి అన్నాడు. మర్నాటి నుంచి బావమరిది అక్క గడప తొక్కలేదు. ఆమె మధ్యలో నలిగిపోయి, అన్నం పెట్టేటప్పుడు కూడా మొగుడితో మాట్లాడటం మానేసింది.

వేరే చోట కొన్న బ్లేడ్లకీ అదే మరక. ఒక టీచరమ్మ కారుకి ఒకే పూట మూడు జతలు మార్చాడు. అద్దం శుభ్రంగానే ఉందండీ, నన్ను వెళ్ళనివ్వండి అని ఆవిడ బతిమాలుతున్నా మళ్ళీ సీట్లో కూర్చున్నాడు. వైపరు విసిరిన సబ్బునీళ్ళు తెరిచిన కిటికీలోంచి వచ్చి కుడికంట్లో పడ్డాయి. మంటకి ఆ కన్ను మూసుకున్నాడు. మరక పోయింది. తెరిచాడు. మరక వచ్చింది. అరచేతిని అడ్డం పెట్టుకుని ఇంకోసారి చూసుకున్నాడు. తర్వాత మెల్లగా దిగి, ఆవిడ పాత బ్లేడ్లే మళ్ళీ తగిలించి పంపేశాడు.

కంటి నరం ఎండిపోయిందన్నాడు డాక్టరు. కుడికన్ను పోయినట్టే, ఎడమదానికీ మొదలైంది, చుక్కల మందు వేస్తే కొన్నాళ్ళు నిలవచ్చు. ఏడాది ముందు వచ్చుంటే బాగుండేదని కూడా అన్నాడు. ఆ ఏడాదంతా కార్లకి బ్లేడ్లు మారుస్తూ కూర్చున్నానని చెప్పడానికి పెద్దాయనకి సిగ్గేసింది. ఆస్పత్రి మెట్లు దిగుతుంటే భయం వేసింది.

అట్నుంచి అటే బావమరిది దుకాణానికి వెళ్ళాడు. ఆ రోజూ జనం ఉన్నారు. అందరూ వినేటట్టే తన కంటి సంగతి చెప్పాడు, బ్లేడ్లు మంచివేనని చెప్పాడు. బావమరిది బల్ల మీది స్క్రూలు ఏరి డబ్బాలో వేశాడు.

"నన్నన్నావు, సరే. ఏడాదిపాటు కనబడకపోతే అక్కకైనా చెప్పొద్దా బావా?"

"బ్లేడే అనుకున్నాన్రా."

ఇప్పుడూ పని పెద్దాయనే చేస్తాడు. సూది, పైపు, బ్లేడు తగిలించే కొక్కెం అన్నీ వేళ్ళకి తెలుసు. చివర్లో సీట్లో కూర్చునేది మాత్రం బావమరిది, దుకాణం కాసేపు మూసేసి వస్తాడు. పెద్దాయన కారు ముందు నిలబడి, నీళ్ళు చిమ్మిన చప్పుడు ఆగేదాకా ఆగుతాడు.

"మరకుందా?"

"లేదు బావా."

"సరిగ్గా చూడు. కుడివైపు, కాస్త పైన."

బావమరిది అటే చూస్తాడు. తుడిచిన అద్దం అవతల, సరిగ్గా అక్కడే, తనని కాకుండా ఎటో చూస్తున్న బావ మొహం ఉంటుంది.

"ఏమీ లేదు బావా," అంటాడు.