చివరికి తగిలించిన పెళ్ళి

మునిరత్నమ్మకు హిందీలో వచ్చినవి రెండే మాటలు. ఒకటి అచ్ఛా, రెండోది నహీ. ఆ రెంటి సాయంతోనే ఆమె మూడు గంటల హిందీ సినిమా కథను ముప్పై ఏళ్ళుగా పలమనేరు ఆడవాళ్ళకు చెబుతూ వచ్చింది. మధ్యలో ఎవరైనా అనుమానం అడిగితే, "సూసింది నువ్వా, నేనా?" అని నోరు మూయించేది.

చూసింది ఆ ఒక్క హిందీ సినిమానే. ఊళ్ళో మూడు వారాలు ఆడితే పదిహేడుసార్లు చూసింది. మొగుడు ఓబయ్య ఆమెతో పోట్లాడి, లారీ ఎక్కి మద్రాసు వైపు పోయిన సంవత్సరం అది. తడ దగ్గర టీ అంగట్లో కనిపించాడని ఎవరో చెప్పిందే చివరి కబురు. చంకలో పది నెలల కూతురు ప్రసన్నకుమారి. మునిరత్నమ్మ ఏడుపు చూడలేక పక్కింటి వసంతమ్మ మ్యాట్నీకి లాక్కుపోయింది.

తెర మీద ఒక అమ్మాయి ఒకతనితో పోట్లాడింది. అతను పెట్టె సర్దుకుని పోయాడు. ఆమె రైలు స్టేషన్లో బెంచీ మీద కూర్చుంది. ఆ తర్వాత ఎర్రచీర, పూలదండలు, అగ్ని చుట్టూ ప్రదక్షిణలు. లైట్లు వెలిగాయి. మునిరత్నమ్మ ముక్కు చీదుకుని, చాలా రోజుల తర్వాత నవ్వి, పాలు పిండే వేళకు ఇల్లు చేరింది.

దారిలో వసంతమ్మకు అనుమానం వచ్చింది. "పెండ్లి కాకముందే ఆ పిల్ల మెళ్ళో నల్లపూసలు యాడివి?"

"ఆ పక్క నిశ్చితార్థానికే కడతారక్కా."

"ఇద్దరూ ఒకే ఇంట్లో ఉండారే?"

"బొంబాయి గదా. ఆడ ఇండ్లు దొరకవు."

ఆ తర్వాత రెండేళ్ళకు అన్న రవిచంద్ర ఒక సంబంధం తెచ్చాడు. కాణిపాకంలో టెంకాయల అంగడి, భార్య చనిపోయిన మనిషి, బిడ్డను కూడా సాకుతానన్నాడు. మునిరత్నమ్మ ఒప్పుకోలేదు. "పోయినోడు వస్తాడన్నా. కొట్లాట ముందు, పెండ్లి తర్వాత. సినిమాలో సూడలా?"

"సినిమా సూసి సంసారం చేసేది లోకంలో నువ్వొక్కదానివే!" అని రవిచంద్ర కండువా దులుపుకుని పోయాడు. టెంకాయల మనిషి రెండు వినాయక చవితులు చూసి వేరే పెళ్ళి చేసుకున్నాడు. మునిరత్నమ్మ మాత్రం ప్రతి శుక్రవారం తాళికి పసుపు పూస్తూనే ఉంది.

ఎనిమిదో తరగతితో బడికి దండం పెట్టిన మనవరాలు, ప్రసన్నకుమారి కూతురు అమల, ఈ మధ్య ఆ సినిమాను తెలుగు మాటలతో ఫోన్లో పట్టుకుంది. అవ్వను ఏడిపించాలనే పట్టుకుంది.

"అవ్వా, నీ అచ్ఛా, నహీ ఎంత నిజమో ఈ పొద్దు తేలిపోతాది. రా."

మధ్యాహ్నం అన్నాలయ్యాక ఇద్దరూ వసారాలో కూర్చున్నారు. అరగంటకే ఎర్రచీర వచ్చేసింది.

"పెండ్లి ఇప్పుడే వచ్చేసిందే? నీ ఫోను చెడిపోయింది పాపా."

"ఫోను బాగానే ఉండాది. నీ కథే తిరగబడింది."

కొట్లాట వచ్చింది. అతను పెట్టె సర్దుకున్నాడు. స్టేషన్ వచ్చింది. బెంచీ మీద అమ్మాయిని ఒక ముసలాయన అడిగాడు, "ఎవరి కోసం తల్లీ?" ఆమె చెప్పింది, "ఎవరి కోసమూ కాదు. నా రైలు కోసం." రైలు వచ్చింది. ఆమె ఎక్కింది. వెనక్కి తిరిగి చూడలేదు. సినిమా అయిపోయింది.

నవ్వుదామని తిరిగిన అమల, అవ్వ మొహం చూసి ఫోను పక్కన పెట్టింది.

మునిరత్నమ్మ చెప్పులేసుకుని నేరుగా పాత టాకీసు దగ్గరికి నడిచింది. అమల వెంటబడింది. అదిప్పుడు కల్యాణ మండపం. అప్పటి ఆపరేటరు వెంకటముని అక్కడే కావలి ఉంటున్నాడు.

"అన్నా, ఆ హిందీ సినిమాలో పెండ్లి ముందా, చివరా?"

వెంకటముని మొహం వెలిగిపోయింది. "నీకింకా గ్యాపకముండాదామ్మే! ముందే. మూడో రీలు. తొలి రోజు మొత్తం ఏసినాము. పాలు పిండాలని మీ ఆడోళ్ళంతా సగంలో లేసిపోయినారు. చివరి రెండు రీళ్ళు తీసేయమన్నాడు ఓనరు. తీస్తే ఆ పిల్ల బెంచీ మీదే నిలిచిపోతాది. జనం ఏడ్చుకుంటా పోతే మళ్ళీ వస్తారా? పెండ్లి రీలు ఎత్తి కడాకు తగిలించినా. ఒక్కరన్నా కనుక్కున్నారా?"

"లేదన్నా," అంది మునిరత్నమ్మ. "ఒక్కరం కూడా కనుక్కోలే."

దాన్ని అతను మెప్పుగానే తీసుకున్నాడు.

ఇంటికొచ్చే దారంతా అమల బతిమాలింది. "నేనూ ఫోన్లో కట్ చేసి పెండ్లి కడాకు పెడతానవ్వా. నాకొచ్చు." అన్నట్టే చేసింది. మర్నాడు మధ్యాహ్నం అవ్వ ఒళ్ళో ఫోను పెట్టింది. కొట్లాట, పెట్టె, బెంచీ. ఆ తర్వాత ఎర్రచీర, పూలదండలు.

ముప్పై ఏళ్ళ కిందట నవ్విన చోట మునిరత్నమ్మ తెర మీదికి వంగింది. పెళ్ళికూతురి మొహాన్ని అంత దగ్గరగా ఆమె ఎన్నడూ చూడలేదు.

"పాపం, దీనికేం తెలీదు పాపా. నవ్వతా దండేయించుకుంటా ఉండాది."

కొట్టంలో ఆవు అరిచింది.

"అవ్వా, పాలకు టైమయింది."

మునిరత్నమ్మ లేవలేదు. ఆవు మళ్ళీ అరిచింది. అమల చెంబు తీసుకుని తానే పోయి దూడను వదిలింది, పొదుగు కడిగింది, అవ్వ పిలిచినట్టే పిలిచింది. కొత్త చేతికి ఆవు పాలు చేపలేదు.