గూట్లో మిగిలిన రాళ్లు

ఉదయం 7:20కి తాండూరులో బయలుదేరాం. కొత్త వంతెన దాకా జీపులో 14.6 కిలోమీటర్లు; అక్కడి నుంచి కాగ్నా ఏటి ఒడ్డు వెంట, కంది చేల మధ్య, నడక 1.8 కిలోమీటర్లు. 8:35కి పాత రేవు చేరాం, నేనూ డెబ్బై ఎనిమిదేళ్ల మా మేనత్తా. నేను పుట్టిన ఊరది. ఇప్పుడు అక్కడ ఎవరూ లేరు.

వంతెన లేని కాలంలో బండ్లూ గొర్రెల మందలూ అక్కడే ఏరు దాటేవి. రేవు పక్కన మొదటి ఇల్లు మాది. దాని వీధి గోడలో ఒక గూడు. ఏరు దాటే ఊరివాళ్లు అందులో ఒక్కో రాయి పెట్టి వెళ్లేవారు, తిరిగొచ్చి తీసుకునేవారు. చీకటి పడేవేళకు రాయి మిగిలిందంటే ఒకరు ఇంకా అవతలే ఉన్నారని అర్థం. మాతోనే ఉండే అత్త ఆ రోజు తలుపు మూసేది కాదు.

వంతెనకు చోటు వెతికిన సర్వే బృందంలో నేనున్నాను. రేవు దగ్గర పునాదికి కావలసిన గట్టి రాతిపొర తొమ్మిది మీటర్ల లోతున ఉంది. దిగువన రెండున్నర మీటర్లకే తగిలింది. ఉన్నది ఉన్నట్టు రాశాను. లెక్కలో తప్పు లేదు. వంతెన దిగువనే కట్టారు, రోడ్డూ అటే పోయింది. దాని వెంట టీ కొట్టు, పిండి గిర్ని, తర్వాత ఒక్కటొక్కటిగా ఇళ్లు పోయాయి. ఊరు విడిచే రోజున కూడా ఇంటికొకరైనా అలవాటు కొద్దీ గూట్లో రాయి పెట్టారు.

తన రాయి తీసుకుంటే ఊరికి తిరిగొచ్చినట్టేనని అత్త నమ్మకం. మోకాళ్లు పూర్తిగా మొరాయించకముందే తీసుకెళ్లమని నెల రోజులుగా పట్టుబట్టింది.

ఇంటి కప్పు కూలింది. గూడున్న గోడ నిలిచే ఉంది. అత్త లోపల తడిమి, మూల విరిగిన నాపరాయి ముక్కను బయటికి తీసింది.

“గిదే నాది. గా నున్నటిది నీది. స్కేలుతోని కొలిచి పెట్టినవ్ గద, అల్లుడా!”

“కొలవలే అత్తా.”

“నేను జూసిన. ఊరు మొత్తం కొలిచినోనివి, రాయిని ఇడుస్తవా?”

ఆమె నవ్వింది. నాకు నవ్వు రాలేదు. అత్త తన రాయిని కొంగుతో తుడిచి, కాసేపు అరచేతిలో పట్టుకుని, మళ్లీ గూట్లోనే పెట్టింది.

“తీస్కోవా? గందుకే గద వచ్చినం.”

“తీస్తే నా రాకడ అయిపాయె. గీ గోడలు జూసుడు గూడ ఒక రాకడేనా? ఉండనియ్. ఇంక రావాల్సి ఉన్నదనుకుంట.”

బయలుదేరే ముందు లెక్క రాసుకున్నాను. ఇళ్లు ముప్పై నాలుగు. గోడలు నిలిచినవి ఆరు. కప్పు ఉన్నవి లేవు. దారిలో తెగిన చెప్పు ఒకటి, అత్తది. గూట్లో రాళ్లు నలభై ఒకటి. తీసుకున్నవి లేవు.