పెద్దమ్మ కాపలా కాసిన పరదేశి బండి

పరదేశులను కాచే ప్రభువుకు స్తోత్రం. నకరికల్లు దగ్గర మా ఊరి చర్చి ఊడ్చే పెద్దమ్మ గుర్తొస్తే ముందు ఆయన్నే స్తుతించాలనిపిస్తుంది.

దేశాలు తిరిగే ఒక విదేశీయుడు మా ఊరి దగ్గర మోటార్ సైకిల్ మీంచి పడి చెయ్యి విరగ్గొట్టుకున్నాడు. ఆసుపత్రికి పోతూ బండిని చర్చి ఆవరణలో పెట్టి పెద్దమ్మకు అప్పగించాడు. అది తాత్కాలిక అనుమతి మీద వచ్చిన బండి. దాన్ని ఇక్కడ అమ్మకూడదు, ఇంకొకరు నడపకూడదు. గడువులోగా దేశం దాటించకపోతే కస్టమ్స్ వాళ్లు జప్తు చేస్తారు. అతను ఇంగ్లీషులో చెప్పిన ఈ సంగతులన్నీ నేనే ఆమెకు తెలుగులో చెప్పాను.

"అప్పజెప్పినోడు అడుగుతాడు" అంది పెద్దమ్మ. చర్చి తాళం వేసినా, పక్కింటి బిడ్డను ఎత్తుకున్నా ఆమె అనే మాట అదే.

ఎన్నికల ర్యాలీలో ఆ బండి నడపాలని ఊరి పెద్ద ఆసామి కొడుకు వచ్చాడు.

"ఒక్క రౌండేగా, ఏందే నీ గోల?"

పెద్దమ్మ కొంగు నడుముకు బిగించి బండి సీటు మీద అడ్డంగా కూర్చుంది. "మీ ఇంట్లో బండ్లు కరువా అబ్బాయా?"

"మిరపకోతకి మా చేలోకి ఎట్టా వస్తావో చూస్తా!"

"పిలవబాకు. నీకు కూలోళ్లు చానామంది. ఈ బండికి నేనొక్కదాన్నే."

అతను బండి ముట్టకుండానే పోయాడు. ఆ ఏడు మాత్రం వాళ్ల చేలోకి ఆమెను కూలికి పిలవలేదు. కట్టు విప్పించుకుని వచ్చిన విదేశీయుడు గడువులోగానే సరిహద్దు దాటి నాకు ఫోన్ చేశాడు. ఆ మాట చెప్పగానే పెద్దమ్మ "ఇంక అడగడులే" అని చీపురు అందుకుంది.

మనకు అప్పజెప్పినవాడు అడిగే రోజు వరకు, ఆమెలా దిగకుండా కూర్చునే మొండితనం ఇమ్మని మీరూ నాతో ప్రార్థించండి.