పొయ్యి సెగ అనుకున్నాం

ఇంటర్ పిల్లలకు డి.ఎన్.ఎ. పాఠం చెప్పే వారం నాకు మనసు మనసులో ఉండదు. కాలేజీలో రంగురంగుల ప్లాస్టిక్ నమూనా ఉంది. అయినా నేను సంచిలో నులక తాడు ముక్క ఒకటి పెట్టుకొని పోతాను. గోదావరిఖనిలో ఇప్పుడు నులక మంచం ఉన్న ఇల్లు తక్కువ. అందుకని ముందు తాడు ఎట్లా పేనుతారో చెప్పి, తర్వాత పాఠంలోకి వెళ్లాల్సి వస్తుంది.

పేనడం మా బాపు దగ్గర నేర్చుకున్నాను. ఆయన బొగ్గుబాయిలో పైకప్పు కూలకుండా దిమ్మెలు నిలబెట్టే పని చేసేవాడు. ఆదివారం క్వార్టర్ ముందు కూచొని గోగునారను ఒకటే పొడుగు పోగుగా పురిపెట్టేవాడు. దాని నడుమ భాగం అక్క చేతికిచ్చి, రెండు కొసలూ తాను పట్టుకొని బిగించేవాడు. అక్క మెల్లగా వదులుతూ దగ్గరికొస్తే, ఆ పోగు దాని మీద అదే చుట్టుకొని జంట తాడయ్యేది. ఒక పోగు అక్క నుంచి బాపు వైపు పోతే, రెండోది బాపు నుంచి అక్క వైపు వచ్చేది. డి.ఎన్.ఎ.లో కూడా రెండు పోగులు అట్లాగే ఎదురెదురు దిక్కులకు నడుస్తాయి. చక్కెర, ఫాస్ఫేటు బయటి వైపు ఉంటాయి. క్షారాలు లోపల జతలు జతలుగా ఒకదాన్నొకటి పట్టుకొని ఉంటాయి.

పేనిన తాడు మీద, పోగుకూ పోగుకూ నడుమ గాడి పడుతుంది. అక్కకు ఆ గాడి వెంట బొటనవేలి గోరు నడిపించుకుంటూ కూచోవడం ఇష్టం. ప్రోటీన్లు చేసేదీ అదే. తాడు విప్పకుండానే గాడిలోంచి తడిమి, లోపల ఏ క్షారం ఉందో పోల్చుకుంటాయి. తమకు కావలసిన వరుస దొరికిన చోట పట్టుకుంటాయి. కొన్నిటికి వరుసతో పనిలేదు. తాడు మీదున్న ఋణావేశానికి తమ ధనావేశంతో అంటుకొని, అంత పొడుగు తాడునూ ఉండగా చుట్టి కణంలో దాచిపెడతాయి. పరీక్షలో అడిగేది ఇంతే. పట్టుకోకూడని ప్రోటీన్ ఒకటి వచ్చి పట్టుకుంటే ఏమవుతుందో మా సిలబస్‌లో లేదు. అది నేను మా ఇంట్లో చూశాను.

అవి రెండువేల సంవత్సరం దాటిన కొత్త రోజులు. మా లైన్‌లో అందరివీ బొగ్గుపొయ్యిలే. పొద్దున్నే వాకిట్లో బొగ్గు కుప్ప పోసి అంటించి, పొగ పోయి ఎర్రగా అయ్యాక లోపలికి తెచ్చుకునేవాళ్లం. వంట ఎక్కువగా అక్కదే. ఒక ఎండాకాలం ఆమె ముక్కు మీదుగా రెండు చెంపలూ ఎర్రగా కందిపోయాయి. మా లైన్‌లో పొయ్యి ముందు కూచునే ఆడవాళ్లందరి ముఖాలూ ఎంతో కొంత కందే ఉండేవి. అందుకని ఎవరికీ అనుమానం రాలేదు.

"పొయ్యి సెగ కొట్టింది బిడ్డా," అంది అమ్మ. "నువ్వు ఇగ పొయ్యి కాడికి రాకు. చెల్లె చేస్తది. నువ్వు బయటి పని చూసుకో, జర గాలి తాకుతది."

నాకు ఒళ్లు మండింది. నల్లా నీళ్లు మధ్యాహ్నం వచ్చేవి. అక్క వాకిట్లో బండ మీద బాపు డ్యూటీ బట్టలు ఉతుకుతూ, మిరపకాయలు ఎండబోస్తూ హాయిగా ఉంటే, నేను లోపల పొయ్యి సెగలో డిగ్రీ పుస్తకం పట్టుకొని అన్నం వార్చాలి. ఆమెకు గాలి, నాకు సెగ అని రోజూ గొణిగేదాన్ని. రామగుండం ఎండలో గాలి ఎక్కడిదో నాకే తెలియాలి.

ఎరుపు తగ్గలేదు, పెరిగింది. వాడకట్టులో ప్రతి ఒక్కరూ డాక్టరే అయ్యారు. పసుపు, వెన్న, కలబంద అన్నీ అయ్యాయి. మరుసటేడు తాడు పేనుతుంటే అక్క వేళ్లు ముడుచుకోక పోగు జారిపోయింది. బాపు నవ్వి, "ఏంది బిడ్డా, ముసల్దానివైనవా?" అన్నాడు. అక్క కూడా నవ్వింది. ఆ తర్వాత పాదాలు ఉబ్బాయి.

అప్పటికి నేను ఎమ్మెస్సీలో చేరాను. బాపుకు డ్యూటీ, అమ్మకు ఇల్లు. అందుకని హైదరాబాద్ దవాఖానకు అక్కతో నేను వెళ్లాను. రక్త పరీక్ష పేరు చూడగానే నాకు విషయం తెలిసిపోయింది. సొంత డి.ఎన్.ఎ.నే పట్టుకునే ప్రతిరక్షకాలు ఉన్నాయా అని చూసే పరీక్ష అది. ఉన్నాయి. రోగక్రిముల్ని పట్టుకోవాల్సిన ప్రోటీన్లు మా అక్క తాడును పట్టుకుంటున్నాయి, పోయి మూత్రపిండాల్లో పేరుకుంటున్నాయి. అంతకు ముందు వారమే క్లాసులో ప్రోటీన్ తాడును పట్టుకునే బొమ్మ గీసి మెప్పు పొందాను. అది ఎట్లా పట్టుకుంటుందో చెప్పగలను. ఎట్లా విడిపించాలో చెప్పలేను. నా చదువు మీద నాకు అంత కోపం ఎన్నడూ రాలేదు.

"ఎండ అసలు తగలకూడదు. ఈ జబ్బును ఎండ రేపుతుంది," అన్నాడు డాక్టర్. ఎండకు చర్మంలో కణాలు చచ్చి, వాటిలోని డి.ఎన్.ఎ. బయటపడితే, దాన్ని పట్టుకోవడానికి ఈ ప్రోటీన్లు ఎగబడతాయి. అక్కకు అంత వివరం అక్కర్లేకపోయింది. బండా, నల్లా, మిరపకాయలు ఆమె కళ్లలో కదలడం నేను చూశాను.

బస్టాండులో కూచున్నాక నా చెయ్యి పట్టుకుంది. "చెల్లే, ఎండ ముచ్చట అమ్మకు చెప్పకు. నా పానం మీదికి తనే తెచ్చిననుకుంటది. మందులు మింగినంక బయట తిరగొద్దన్నరని చెప్త."

నేను సరేనన్నాను. ఇంటికొచ్చాక అట్లాగే చెప్పింది. అమ్మ నమ్మింది. మందులతో కొన్నేళ్లు నెట్టుకొచ్చింది గానీ, మూత్రపిండాలు చెడిపోయి అక్క పోయింది. తాడు పేనడం బాపు ఆ రోజుతో మానేశాడు. అమ్మ గడ్డపారతో బొగ్గుపొయ్యిని పగలగొట్టింది. ఎవరు పరామర్శకు వచ్చినా ఒక్కటే మాట చెప్పుకునేది. "ఆ పొయ్యే తిన్నది నా బిడ్డను. ఎర్రగైన దినం నుంచి దాని దగ్గరికి రానియ్యలే. నా చాతనైంది నేను చేసిన." ఆ మాట మీదే అమ్మ అన్నం తినేది, నిద్రపోయేది. నేను తల వంచుకొని వినేదాన్ని.

తెలంగాణ వచ్చిన రోజు మా లైన్ అంతా గులాలు. ఎదురింటి పిల్ల, పదో తరగతి, నల్లా దగ్గర ముఖం కడుక్కొని వచ్చింది. రంగు పోయింది కానీ, ముక్కు మీదా చెంపల మీదా ఎరుపు పోలేదు. వాళ్లింట్లో స్నానాల నీళ్లు ఇంకా బొగ్గుపొయ్యి మీదే కాచేవాళ్లు. అమ్మ ఆ పిల్ల గదవ పట్టుకొని ముఖం పైకెత్తి చూసి, వాళ్లమ్మతో ఆత్రంగా అంది:

"ఇది పొయ్యి సెగనే. నా మాట ఇను. పిల్లను పొయ్యి కాడికి రానియ్యకు. బయటనే తిరగనియ్యి."

నేను దగ్గరికి పోయాను. "వేళ్లు నొస్తున్నయా?" అని ఆ పిల్లను అడిగాను.

"పొద్దుగాల లేవంగనే ముడుచుకుంటలేవక్కా," అంది.

అక్కకిచ్చిన మాట గుర్తుంది. పక్కనే అమ్మ ఉంది. అయినా ఆ పిల్ల తల్లితో చెప్పాను. "బయట తిప్పకు వదినా. ఎండ అసలే తగలొద్దు. రేపే దవాఖానకు తీసుకపో. మా అక్కకు గిట్లనే అయింది."

అమ్మ ఇంట్లోకి పోయింది. నేను వెనకే పోయాను. గడప లోపల నిలబడి నా వైపు తిరిగింది.

"నీళ్లకు, బట్టలకు నేనే తోలిన గదా దాన్ని."

"ఎండ ఒక్కటే కాదమ్మా. జబ్బు లోపలనే ఉండె."

"ఒక్కటే కాదు. గని ఎండ గూడ, అంతేనా?"

అబద్ధం నోటిదాకా వచ్చింది, బయటికి రాలేదు. "గూడనే," అన్నాను.

"దానికి ఎరుకేనా?"

"ఎరుకే అమ్మా. నీకు చెప్పొద్దన్నది."

అమ్మ కుప్పకూలిపోయింది. అక్క పోయిన రోజు కూడా అట్లా ఏడవలేదు. "నా మొఖం చూసుకుంట అన్ని దినాలు ఎట్ల ఓర్చుకున్నదే," అని మళ్లీ మళ్లీ అంది.

ఆ పిల్లకూ అదే జబ్బని తేలింది. జల్ది దొరికింది కాబట్టి మందులతో బాగానే ఉంది. మొదటిసారి దవాఖానకు పోయిన నాడు, ఎవరూ పిలవకుండానే అమ్మ తోడు బయలుదేరింది. బాపు వాడే నల్ల గొడుగు తీసి, మొత్తం ఆ పిల్ల మీదే పట్టి, తాను ఎండలో నడిచింది.