హీరోగారి ప్రసంగంలో చివరి వాక్యం

ఫిల్మ్ నగర్‌లో మైకు ముందు నిలబడ్డ ప్రతివాడి నోట్లోనూ నా మాటే పలుకుతుందని చాలాకాలం చెప్పుకు తిరిగాను. పాటల విడుదల సభ అయినా, విజయోత్సవం అయినా, సంతాప సభ అయినా ముందు మధురానగర్‌లో మా ఇంటి ముందు కారు ఆగాల్సిందే అనేవాణ్ణి. బంధువులు నమ్మేవారు. నిజం చెప్పాలంటే నేను రాసిన ప్రసంగాలు ముప్పై దాటవు. అందులో సగం సంతాప సభలవి. వాటికి చప్పట్లు ఉండవు కాబట్టి బాగా రాశానో లేదో నాకే తెలియదు. నాలుగైదు ఒకే క్యాటరింగ్ ఆయనకి రాశాను, ఆయన ఏ సభకి భోజనాలు పెట్టినా వేదిక ఎక్కి రెండు ముక్కలు మాట్లాడేవాడు. కారు ఒక్కసారి వచ్చింది. అదీ పక్కింటికి వచ్చి, నా ఇల్లు అడిగింది.

అంతకుముందు సహాయ రచయితని. అంటే అసలు రచయిత చెబుతుంటే శుద్ధప్రతి రాసిపెట్టేవాణ్ణి.

ఈ వృత్తి నాకు ఒక జబ్బు అంటించింది. ఎవరైనా ఎవరినైనా వేదిక మీద పొగుడుతుంటే, అందరూ పొగడ్త వింటారు, నేను మాత్రం ఎందుకు పొగుడుతున్నాడా అని వెతుకుతాను. ముఖ్యంగా సన్మానాల దగ్గర. మా పరిశ్రమలో ఎవరూ పైకి చెప్పని ఆనవాయితీ ఒకటుంది. వయసు మళ్లిన నటుడికి శాలువా కప్పారంటే, ఆ మర్నాటి నుంచి ఆయన ఫోను మోగడం తగ్గుతుంది. ఎవరైనా ఆయన పేరు చెబితే, "ఇంకా చేస్తున్నారా? మొన్ననే సన్మానం కూడా చేసేశారుగా" అంటారు. ఒక హాస్యనటుడికి వెండి కిరీటం పెట్టారు. కిరీటం బీరువాలోకి వెళ్లింది, ఆయన బాల్కనీలోకి వెళ్లాడు. మళ్లీ ఇద్దరూ బయటికి రాలేదు.

కాబట్టి ఓ నిర్మాణ సంస్థ మేనేజరు ఒక ఉదయం మా ఇంటికి వచ్చి కూర్చున్నప్పుడే నాకు చెవులు నిక్కబొడుచుకున్నాయి.

"సార్, మేడంకి సన్మానం పెడుతున్నం. సిన్మా రిలీజ్ ముందు ఫంక్షన్ ఉంది గదా, గాడనే. హీరో సార్ శాలువా కప్పుతడు, రెండు నిమిషాలు మాట్లాడతడు. మీరు రాసియ్యాలె."

మేడం అంటే నాకు పాతికేళ్లుగా తెలిసిన నటి. తనకి నలభై ఏళ్లు నిండకముందే తెర మీద నాయనమ్మ అయిపోయింది. అప్పటి నుంచి హీరోలు మారారు, ఆమె మాత్రం అదే కుర్చీలో కూర్చుని కాఫీ గ్లాసు పట్టుకుని నవ్వుతూనే ఉంది. విడుదల కాబోయే ఈ సినిమాలోనూ అంతే. పెద్ద స్టూడియోకి వెళ్లే దారిలో, ఒక అపార్ట్‌మెంటు రెండో అంతస్తులో ఉంటుంది. నన్ను అన్నయ్యగారూ అంటుంది.

"ఇప్పుడెందుకు సన్మానం?" అన్నాను.

"ఎందుకేంది సార్. పెద్దమనిషి. ఇన్నేండ్ల సంది చేస్తున్నది."

"నిరుడు కూడా చేస్తూనే ఉందిగా. నిరుడెందుకు పెట్టలేదు?"

"మీకు అన్నిట్ల డౌటే సార్. నీళ్లిస్తే గ్లాసు కింద గూడ చూస్తరు. జర ఘనంగ రాయుండ్రి. జనం మేడంని కొత్తగ చూడాలె."

కొత్తగా చూడాలట. ఆ మాట పట్టుకుని ఆ రోజంతా నమిలాను. రేపటి నుంచి ఇంటిపట్టున ఉండే మనిషిగా చూడాలని కాక ఇంకేమిటి?

మర్నాడు ఆమె ఇంటికి వెళ్లాను. తలుపు తట్టబోతే లోపల ఎవరినో ఘోరంగా తిడుతోంది. "నా ముందు కుర్చీ లాక్కుని కూర్చునే ధైర్యం నీకెవరిచ్చారు" అని. తలుపు తీశాక చూస్తే ఇంట్లో ఇంకెవరూ లేరు.

"ఎవరమ్మా?"

"టీవీ అండీ," అంది. టీవీ మీద గుడ్డ కప్పి ఉంది.

పాపం, దిగులుతో తనలో తనే మాట్లాడుకుంటోందనుకున్నాను. ఏడాదిగా ఆమెకి సరైన పని లేదు. ఇంట్లో కూర్చుంటే మాట మొద్దుబారిపోతుందని భయం ఆమెకి. వాళ్లమ్మ కూడా స్టేజీ నటే, నాటకాలు ఆగిపోయాక రెండేళ్లలో మాటలే తగ్గించేసిందట.

"వీళ్ల తర్వాతి సినిమాలో నువ్వున్నావా?"

"ఉన్నాననే అనుకుంటున్నానండీ. సంతకం ఇంకా కాలేదు." కాఫీ వంకే చూస్తూ అంది. "ఇంకేం అడక్కండి అన్నయ్యగారూ. ఈ సన్మానం మాత్రం నాకు బాగా జరగాలి."

నన్ను సూటిగా చూడలేదు. నాకింకేం కావాలి? శాలువా కప్పి పక్కన కూర్చోబెడుతున్నారని తేల్చేసుకున్నాను. ఆ తర్వాతి సినిమాలో వేషం ఆమె చేతికి వచ్చేలా నేనే చూడాలనుకున్నాను, అదీ నాకు తెలిసిన ఒక్క ఆయుధంతోనే.

సన్మాన ప్రసంగం రాయడంలో పెద్ద రహస్యం ఏమీ లేదు. మహానటి, సరస్వతీపుత్రిక లాంటి మాటలు ఎన్ని పేర్చినా వినేవాడి చెవిలోంచి జారిపోతాయి. మాట్లాడేవాడు కళ్లారా చూసిన చిన్న సంగతి ఒకటుంటే చాలు, అది గోరుముద్దలా లోపలికి వెళ్తుంది. అందుకని హీరోగారి కోసం ఒకటి రాశాను: వానలో తీసిన సన్నివేశంలో, తన వంతు అయిపోయినా ఆమె గొడుగు కిందికి పోకుండా, తనవైపు చూస్తూ మాట్లాడే హీరో చూపు నిలవడానికి కెమెరా పక్కన తడుస్తూ నిలబడిందని. ఇది నిజంగా జరిగింది. వాక్యాలు పొట్టిగా ఉండాలి. ఊపిరి అందక హీరో తడబడితే జనం ఆయన్ని క్షమిస్తారు, రాసినవాణ్ణి క్షమించరు. ఇక ఒప్పించే ప్రసంగం వేరు. వినేవాడిచేత ఏదో ఒకటి చేయించాలి. అందులో అతి గట్టి కిటుకు ఏమిటంటే, ఆ పని చేస్తానని వాడినోటే, పదిమంది ముందు అనిపించడం. ఆ తర్వాత వాడి పరువే వాణ్ణి తోసుకుపోతుంది.

ఈ రెండిటినీ కలపకూడదు. పొగిడే చోట బేరం పెట్టకూడదు. తెలిసీ కలిపాను. నాలుగు అట్టముక్కల మీద పెద్ద అక్షరాలతో రాసి, నాలుగో అట్ట చివర ఈ వాక్యం పెట్టాను: "నా తర్వాతి సినిమాలో కూడా నా నాయనమ్మ ఈవిడే. ఇది నా మాట."

మా హీరోలకి ప్రసంగం ముందుగా చదువుకునే తీరిక ఉండదు. వేదిక మీద వెలుగులోనే మొదటిసారి చూస్తారు. మేనేజరు మొదటి అట్ట చదివి, "మస్తుగుంది సార్" అని మిగిలినవి జేబులో పెట్టుకున్నాడు.

జూబ్లీ హిల్స్‌లో పెద్ద హాల్లో సభ. హీరోగారు నా చివరి వాక్యం చదవగానే హాలంతా లేచి నిలబడిందని ఆ వారమంతా మా వీధిలో చెప్పాను. హాలంతా మొదటి నుంచీ నిలబడే ఉంది. అభిమానులు కుర్చీల్లో కూర్చోరు, కుర్చీల మీద నిలబడతారు. కానీ అరుపులు నిజం. నాయనమ్మా, నాయనమ్మా అని పైకప్పు ఎగిరిపోయేలా అరిచారు. పెద్ద తెర మీద ఆమె ముఖం కనిపించింది. నవ్వు ఒక్క క్షణం ఆగి, మళ్లీ వచ్చింది. ఆనందం తట్టుకోలేకపోయి ఉంటుందనుకున్నాను. మైకు ఇస్తే, "అందరికీ నమస్కారం, ధన్యవాదాలు" అని కూర్చుంది. అంత పొట్టిగా ఎవరూ మాట్లాడరు. నాకు నచ్చింది.

పొద్దున్నే మేనేజరు ఫోను.

"ఏం పని చేసిన్రు సార్."

"ఏం చేశాను?"

"నాలుగో అట్ట. అది మీరే రాసిన్రా, ఇంకెవలన్న రాసిన్రా?"

జవాబుకి ఆగకుండా అతనే చెప్పుకుపోయాడు. తర్వాతి సినిమాలో ఆమెది నాయనమ్మ వేషం కాదట. విలన్. రాష్ట్రాన్ని గుప్పిట్లో పెట్టుకున్న ముసలి రాజకీయ నాయకురాలు. పద్దెనిమిది సీన్లు. ఇన్నాళ్లూ కాఫీ గ్లాసుతో చూసిన మనిషిని జనం పెద్ద స్థాయిలో చూడటం అలవాటు చేసుకోవాలని దర్శకుడే సన్మానం పెట్టించాడు. వారం తర్వాత ప్రకటించాలనుకున్నారు. అప్పటిదాకా ఎవరికీ చెప్పొద్దన్నారు.

"ఇప్పుడు హీరో సార్ మైకుల మాటిచ్చిండు. పొద్దటి సంది గదే వీడియో తిప్పుతున్నరు. నాయనమ్మ అన్నంక ఆమెనే విలన్ అంటే, మాట తప్పిండంటరు. విలన్‌కి వేరేటోళ్లని చూస్తున్నరు సార్. మేడంకి రెండు సీన్లు, కాఫీ గ్లాసు." చివరికి, "మీకు ఫికర్ ఎక్కువైతే మాకు గిట్లైతది," అని పెట్టేశాడు.

ఆటోలో ఆమె ఇంటికి వెళ్లేదాకా క్షమాపణ ప్రసంగం తయారు చేసుకున్నాను. ముందు ఆమె కళాసేవ, తర్వాత మా స్నేహం, ఆ తర్వాత నా ఉద్దేశం, చివర తప్పు. అమరిక బాగుంది. తలుపు తీయగానే మొదలుపెట్టాను.

"అమ్మా, పాతికేళ్లుగా నీ నటనని..."

"ఆ చివరి ముక్క మీరు రాశారా?"

"హీరోగారు ఉత్సాహంలో..."

"అన్నయ్యగారూ."

"నేనే రాశాను."

ఆమె తలుపు పట్టుకునే నిలబడింది. లోపలికి రమ్మనలేదు. "ఎందుకండీ?"

"నిన్ను పక్కన పెడుతున్నారేమోనని."

"నన్నడగొచ్చుగా."

"అడిగాను. నువ్వు చూపు తప్పించావు."

"చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నారండీ. మీకు చెబితే సాయంత్రానికి టోలిచౌకి దాకా పాకుతుందని నేనూ భయపడ్డాను." గొంతు పెద్దది చేయలేదు. "ముప్పై ఏళ్లుగా చేస్తే ఒక్క వేషం వచ్చింది, అవతలివాడు నా ముందు కూర్చోవడానికి భయపడే వేషం. రోజూ తలుపులేసుకుని అరుస్తున్నాను. మీరు విన్నారు కూడా."

ఆమె చెప్పులేసుకుంది. "పదండి. దర్శకుడుగారి ఆఫీసుకి. రాసింది మీరని మీ నోటితో చెప్పాలి."

ఆఫీసు అదే కాలనీలో, రెండు వీధుల అవతల. దర్శకుడు, హీరోగారు, మేనేజరు ముగ్గురూ ఉన్నారు. అక్కడ నేను అయిదు నిమిషాలు మాట్లాడాననీ, దర్శకుడు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడనీ తర్వాత ఒకరిద్దరికి చెప్పాను. ఆయన కళ్లద్దాలు తుడుచుకున్న మాట నిజమే. బయటి ఎండలోంచి అప్పుడే చెమటతో వచ్చాడు. నేను అన్నది, "తప్పు నాది, ఆ వాక్యం నేను పెట్టాను" అని మాత్రమే. ఇన్నేళ్లూ పరాయి నోళ్లతో మాట్లాడినవాడికి సొంత నోరు ఎండిపోయింది.

హీరోగారు మర్యాదస్తుడు. "అంకుల్, మీరిచ్చారు కదా అని నేను చదివేశానండి. ఇప్పుడు కాదు అంటే నేనేమైపోవాలి?"

దర్శకుడు నేల చూస్తున్నాడు. ఆయనకీ ఆమే కావాలి, కానీ హీరోగారి మాట పోకూడదు. మేనేజరు నన్ను చూస్తున్నాడు, ఈ ముసలాయన ఇంకేం మెలిక తెచ్చాడోనని.

అప్పుడు ఆమె అంది: "మీ మాట పోనక్కర్లేదు బాబూ. నేను మీ నాయనమ్మనే. ఆ రాజకీయాలావిడే మీ ఇంట్లో నాయనమ్మ అయితే ఏమవుతుంది?"

ఆమె వివరించలేదు. హీరోగారి ఎదురుగా కుర్చీలో కూర్చుని, పాతికేళ్లుగా అందరం చూసిన ఆ నవ్వే నవ్వింది.

"అన్నం తిన్నావా నాన్నా?" అంది. ఆయన సోఫాలో కొంచెం ఒదిగాడు. "తిను. కడుపు నిండా తిను. రేపటి నుంచి ఈ ఇంట్లో నీకు అన్నం పెట్టేవాళ్లెవరూ మిగలరు."

తలుపు వెనక అరిచినప్పటి గొంతు కాదది. మనవడికి దిండు సర్దుతూ చెప్పే గొంతు. హీరోగారు కాలు మీద వేసుకున్న కాలు దించాడు. దించినట్టు ఆయనకి తెలిసిందనుకోను.

నేను రాసిన ముప్పై ప్రసంగాల్లోనూ ఇది లేదు. నేను పరువుతో హీరోగారిని వెనక నుంచి తోశాను. ఆమె ఆ పరువునే ఆయన చేతికి తిరిగిచ్చి, తనక్కావలసింది తీసుకుంది.

"కథ చాలా మార్చాలండీ," అన్నాడు దర్శకుడు. "ఇంటి మనిషి అయితే సభలు, ఊరేగింపులు, అసెంబ్లీ సీన్లు పోతాయి. పద్దెనిమిది ఉండవు. తొమ్మిది మిగులుతాయేమో."

పోయే ఆ తొమ్మిదీ ఆమె రోజూ తలుపులేసుకుని సాధన చేసినవే. ఆమె నా వైపు చూడలేదు. చూసి ఉంటే బాగుండేది.

"చేస్తానండీ," అంది.

సంతకాలయ్యాక మెట్లు దిగుతూ, ఏదో ఒకటి అనాలని, "అమ్మా, నిజానికి ఆ తొమ్మిదీ..." అన్నాను.

"మాట్లాడకండి అన్నయ్యగారూ. ఇవాళ మీరేం చెప్పినా, ఎందుకు చెబుతున్నారా అని చూడబుద్ధవుతోంది."

రోడ్డెక్కి, వాలు మీద ఇంటివైపు నడిచాం. షూటింగు వ్యాన్లు రాసుకుంటూ పోతున్నాయి. ఆమె ముందు నడుస్తూ, తనలో తనే ఆ మాట మళ్లీ మళ్లీ అనుకుంటోంది. అన్నం తిన్నావా నాన్నా. ఒకసారి నాన్నా దగ్గర ఆగింది, ఒకసారి తిన్నావా దగ్గర. మూడోసారి నవ్వు తీసేసి అంది. నేను రెండడుగులు వెనక నడిచాను. ఏది బాగుందో ఆమె అడగలేదు, నేను చెప్పలేదు.