బోర్లించిన పళ్ళెం

పాత వెండి సామాను విలువ కట్టడం నా పని. దర్శి దగ్గర ఒక పల్లెలో, దొరలనాటి పళ్ళెం ఎంత పాతదో చెప్పమంటే వెళ్ళాను. గుంటూరు బస్సుకు పావుగంటే ఉంది. కల్లంలో ఆరబోసిన మిరపకాయల ఘాటుకు తుమ్ములు ఆగడం లేదు, నాకు కాలు నిలవడం లేదు.

"చెప్పులు అక్కడే విడిచి లోపలికి రండి," అంది ఇంటావిడ.

దేవుడి గదిలో, పీట మీద పళ్ళెం బోర్లించి ఉంది. ఇంగ్లండు వెండికి అడుగున ముద్రలుంటాయి. మేలిమికి గుర్తు నడిచే సింహం, తయారైన ఏడాదికి ఒక అక్షరం. ఇక్కడ సింహం ఒక్కటే కనిపిస్తోంది. మిగతాదంతా పసుపూ కుంకుమా.

"కాస్త తుడిచి చూడొచ్చా అండీ?" భూతద్దం తీస్తూ అడిగాను.

"అయ్యో, స్వామినా! మా అత్తగారి అత్తగారి కాలం నుంచీ పూజ చేస్తున్నాం. నరసింహస్వామండీ ఆయన!"

"మరి ఇందులో ఎవరూ అన్నం తినలేదా?"

"ఆయన అడుగునుంటే పైన ఎంగిలెట్లా చేస్తామండీ?"

అసలు సంగతి నాలుక చివరిదాకా వచ్చింది. బయట బస్సు హారన్ మోగింది. భూతద్దం జేబులో వేసుకుని పరిగెత్తాను.

ఇప్పుడు ఏ పళ్ళెం తిరగేసినా, సింహం కనిపిస్తే ముందు నా కాళ్ళకేసి చూసుకుంటున్నాను, చెప్పులున్నాయేమోనని.